ఒమంతై గేటు దగ్గర అరగంట

ఉత్తర శ్రీలంకలో సైన్యం ప్రాంతానికీ ఎల్టీటీఈ పులుల ప్రాంతానికీ మధ్య ఉన్న ఒమంతై గేటు దాటగానే చేతి గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చేది. 2002లో జాఫ్నాకు వెళ్లే ఏ-9 రోడ్డు తెరిచాక, పులుల చేతిలోని వన్ని ప్రాంతంలో అడుగుపెట్టిన విలేకరులు ముందుగా నేర్చుకున్నది ఇదే. 1996లో కరెంటు కొరత వచ్చినప్పుడు కొలంబో ప్రభుత్వం గడియారాన్ని ముందుకు జరిపింది. ఎల్టీటీఈ ఆ మార్పును ఒప్పుకోలేదు. పులుల ఏలుబడిలో ఉన్న ఊళ్లన్నీ పాత టైమునే పట్టుకుని ఉన్నాయి. అది మన దేశపు టైమే. అంతా కలిపి చిన్న దీవి, అందులో రెండు టైములు. రేపు పదింటికి ఇంటర్వ్యూ అంటే ఎవరి పదింటికి అని అడగాల్సిందే. వెళ్లేటప్పుడు మరిచిపోతే పెద్ద నష్టం లేదు, అరగంట ముందే వెళ్లి కూర్చుంటారు. తిరిగి వచ్చేటప్పుడు మరిచిపోతేనే చిక్కు. వన్ని టైము చూసుకుని తీరిగ్గా బయల్దేరితే ఇవతల సైన్యం గేటు మూసేసి ఉంటుంది, ఆ రాత్రికి అవతలే ఉండిపోవాలి.

2006 ఏప్రిల్‌లో కొలంబో మళ్లీ పాత టైముకే వచ్చేసింది. గడియారాలు కలిసిన నాలుగు నెలలకు రోడ్డు మూతపడింది.

ఆ పదేళ్లలో పత్రికల్లో అంతర్జాతీయ పేజీ చూసినవాళ్లకు శ్రీలంక రోజువారీ పని. కొలంబో డేట్‌లైన్‌తో ఏజెన్సీ కాపీ రాని రాత్రి దాదాపు లేదు. అయితే వచ్చే వార్తంతా రెండు నోళ్ల నుంచే. ఒకటి రక్షణ శాఖ ప్రకటన, రెండోది పులుల ప్రకటన. తమవైపు చచ్చిపోయినవాళ్లను ఇద్దరూ తగ్గించి చెప్పేవాళ్లు, అవతలివైపు లెక్కను పెంచేవాళ్లు. రెండు అంకెలూ వేసి, ఏది ఎవరు చెప్పారో రాయడం డెస్కుకు అలవాటు. కాస్త నికరమైన లెక్క కావాలంటే రెండు మూడు రోజులు ఆగాలి. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ వాళ్లు ఒకరి శవాలను ఇంకొకరికి అప్పగించేవాళ్లు. ఎన్ని పెట్టెలు గీత దాటాయో అవి లెక్కకు అందేవి. కానీ మూడో రోజుకు వార్త పాతదైపోతుంది, ఆ అంకె ఏ మూలో రెండు లైన్లుగా పడేది. 1998 జూన్ నుంచి సైనిక వార్తల మీద సెన్సార్ ఉండేది. 2000 ఏప్రిల్ 22న ఎలిఫెంట్ పాస్ సైనిక స్థావరం పులుల చేతికి పోయాక మే నెలలో దాన్ని ఇంకా బిగించారు.

నవంబర్ 27 సాయంత్రం మాత్రం అందరూ ఎదురుచూసేవాళ్లు. ఆ రోజు చనిపోయిన పులులను తలుచుకునే మావీరుల దినం, పులుల అధినేత ప్రభాకరన్ ఏడాదికోసారి రేడియోలో మాట్లాడే రోజు. తమిళ్‌నెట్ వెబ్‌సైటులో ఇంగ్లిష్ పాఠం వచ్చేదాకా పేజీ ఆపుకుని కూర్చోవడం, రాగానే శాంతి అన్న మాట ఎన్నోసారి, ఏ సందర్భంలో వచ్చిందో వెతకడం. ఒక దీవిలో కోట్లమంది భవిష్యత్తును ఒక రేడియో ప్రసంగంలోని విశేషణాలను బట్టి ఊహించాల్సి వచ్చిందంటే, అక్కడికి వెళ్లి చూసే దారి లేకపోవడమే కారణం.

ఆ దారి లేనప్పుడే మేరీ కొల్విన్ వెళ్లింది.

ఆమె అమెరికన్, లండన్ నుంచి వెలువడే సండే టైమ్స్ విలేకరి. పులుల ప్రాంతంలోకి విలేకరులను రానివ్వక అప్పటికి ఆరేళ్లు. లోపల సుమారు అయిదు లక్షలమంది ఉన్నారని, వాళ్లలో చాలామంది ఊళ్లు వదిలి వచ్చినవాళ్లని చెప్పుకునేవాళ్లు. సిమెంటు, ఎరువులు, డీజిలు, బ్యాటరీలు లోపలికి పోనివ్వకుండా ఆంక్షలు ఉండేవి. బ్యాటరీతో మందుపాతర పేలుతుంది, యూరియాతో పేలుడు పదార్థం అవుతుంది, సిమెంటుతో బంకర్ లేస్తుంది అన్నది సైన్యం వాదన. అది అబద్ధం కాదు. అదే బ్యాటరీతో రేడియో కూడా మోగుతుంది, అదే యూరియాతో వరి పండుతుంది, డీజిలు లేకపోతే గర్భిణిని ఆసుపత్రికి చేర్చలేం అన్నదీ అబద్ధం కాదు. ఈ రెండో సగం చెప్పేవాళ్లెవరూ బయటికి రాలేకపోయారు. కొల్విన్ వెళ్లింది ఆ సగం కోసం.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. 2000 డిసెంబర్ 24 నుంచి పులులు తమంతట తామే కాల్పుల విరమణ ప్రకటించి, నెలనెలా పొడిగిస్తూ వచ్చారు. ప్రభుత్వం దానికి బదులివ్వలేదు. నార్వే దూత ఎరిక్ సొల్హైమ్ రెండు వైపులా తిరుగుతూనే ఉన్నాడు. కొల్విన్ మీద దాడి జరిగింది 2001 ఏప్రిల్ 16 రాత్రి. ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 24న, పులులు విరమణ ముగిసిందన్నారు. ఆ వెంటనే ముహమాలై దగ్గర సైన్యం అగ్నిఖీల పేరుతో దాడి మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో గట్టిగా దెబ్బతిని వెనక్కి వచ్చింది. అంటే ఆమె వన్నిలో తిరిగిన రోజులు, కాగితం మీద ఒకవైపు మాత్రమే ఉన్న శాంతికి చివరి రోజులు.

ఆమె తిరుగు ప్రయాణం తమిళ మనుషులు దారి చూపగా అడవిలో నడక. మొత్తం 30 మైళ్లకు పైనే, అంటే 48 కిలోమీటర్లకు తక్కువ కాదు. చివరి మెట్టు రాత్రిపూట సైన్యం గీత దాటడం. ఇలాంటి దాటడంలో ఏం తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో ఆ రంగంలో పనిచేసినవాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

రాత్రి గీత దాటే దారి విలేకరిదొక్కటే కాదు. పులుల గెరిల్లాలు చొరబడే దారీ అదే, ఆత్మాహుతి దళం వచ్చే దారీ అదే. కాపలా సిపాయికి కనిపించేది కదిలే నీడ. అతనికిచ్చిన ఆదేశం కదిలినదాన్ని కాల్చమనే. అతని భాష సింహళం. చీకట్లో ఆడగొంతు ఇంగ్లిష్‌లో అరిస్తే అది వల కావచ్చునన్న అనుమానమే ముందు వస్తుంది, ఎందుకంటే పులుల్లో ఆడవాళ్ల దళాలు ఉన్నాయి. తెల్లగుడ్డ చీకట్లో పనికిరాదు. టార్చి వేస్తే గురి చూపించినట్టే. తెల్లవారేదాకా కదలకుండా పడుకుని, వెలుతురు వచ్చాక చేతులెత్తి, నెమ్మదిగా, రోడ్డు మధ్యలో నడిచి వెళ్లడం కొంత నయం. పగలు సిపాయికి మొహం కనపడుతుంది, పైఅధికారి మెలకువగా ఉంటాడు, ఆదేశం అడగడానికి వ్యవధి ఉంటుంది. అయితే గీత మధ్యలో ఫ్లేర్ల వెలుగులో నేలకు కరుచుకుని, గాలింపు దగ్గరికి వస్తున్నప్పుడు తెల్లవారేదాకా ఆగమని ఎవరు చెప్పగలరు. అరవకపోతే వెతుక్కుంటూ వచ్చి కాలుస్తారు. అరిస్తే అరుపు వచ్చిన వైపు కాలుస్తారు. ఆమె అరిచింది, జర్నలిస్టునని, అమెరికన్‌నని. ఆ తర్వాత పేలుడు వచ్చింది. రాకెట్ గ్రెనేడ్ ముక్కలు తలకు, ఛాతీకి, ఒంటికి తగిలాయి. ఎడమ కంటి చూపు పోయింది.

అనుమతి లేకుండా వెళ్లింది కాబట్టి బాధ్యత ఆమెదే అన్నది ప్రభుత్వం మాట. అనుమతి ఇచ్చి ఉంటే పగటిపూట గేటు దగ్గర కారు దిగి వచ్చేది కదా అన్న మాటకు జవాబు లేదు. ఏడాది తిరక్కముందే వందలమంది విలేకరులు సరిగ్గా అలాగే కార్లు దిగారు.

గాయం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆ తరం విలేకరుల్లో చాలామంది ప్రథమ చికిత్స నేర్చుకోకుండానే యుద్ధాలకు వెళ్లారు. ఇప్పుడు వెళ్లేవాళ్లు నేర్చుకునే వెళ్తున్నారు, ఆ మార్పు వెనుక ఇలాంటి రాత్రులు చాలా ఉన్నాయి.

శకలం కంటికి తగిలితే మొదట చేయకూడనివి గుర్తుపెట్టుకోవాలి. నలపకూడదు, నొక్కకూడదు, నీళ్లతో కడగకూడదు, గుచ్చుకున్న ముక్కను లాగకూడదు. నెత్తురు కారుతుంటే దూది పెట్టి ఒత్తి కట్టడం చేతికి, కాలికి సరైన పనే, కంటికి మాత్రం అదే చేటు. పగిలిన కనుగుడ్డు మీద ఒత్తిడి పడితే లోపలి పదార్థం బయటికి వస్తుంది, ఇక ఏ సర్జనూ చేయగలిగింది ఉండదు. కంటికి ఆనకుండా, చుట్టూ ఎముక మీద ఆనేలా గట్టి కవచం కట్టాలి. ఏమీ లేకపోతే కాగితపు కప్పు అడుగుభాగం కత్తిరించి టేపుతో అంటించినా పనిచేస్తుంది. రెండు కళ్లూ కలిసే కదులుతాయి కాబట్టి బాగున్న కంటితో అటూ ఇటూ చూడొద్దని, ఎదురుగా ఒకచోటే చూపు నిలపమని చెప్పాలి. నడిచి బయటపడాల్సిన పరిస్థితిలో రెండో కన్నూ కట్టేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వాంతి కాకుండా చూసుకోవాలి, వాంతితో కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాలి కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకూడదు. ధనుర్వాతం సూది తప్పదు. లోపల ముక్క ఉందేమో చూడటానికి ఎక్స్‌రే లేదా సీటీ తీస్తారు. ఎమ్మారై తీయకూడదు, లోహపు ముక్క అయస్కాంతానికి కదిలి కన్నంతా చీలుస్తుంది. కొద్దిమందికి వారాలు, నెలలు గడిచాక బాగున్న కన్ను కూడా వాచి మసకబారుతుంది. దెబ్బతిన్న కంటి కణజాలం మీద మొదలైన శరీరపు ప్రతిఘటన రెండో కంటి మీదికి మళ్లుతుంది. అందుకే గాయం మానిన తర్వాత కూడా రెండో కంటిని చూపించుకుంటూనే ఉండాలి.

మామూలు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఇక్కడ అక్కరకు రాదు. మెత్తటి జాకెట్ శకలాలను, పిస్తోలు తూటాను ఆపుతుంది. రైఫిల్ తూటాను ఆపాలంటే ముందూ వెనకా పింగాణీ పలకలు పెట్టాలి, అప్పుడు బరువు పది కిలోలు దాటుతుంది. మొహం, చేతులు, తొడలు ఎలాగూ బయటే. దాన్ని వేసుకుని 48 కిలోమీటర్లు అడవిలో నడవడం అయ్యే పని కాదు, నడిచినా చీకట్లో అది సైనికుడి ఆకారమే. కంటికి మాత్రం తేలికైన ఉపాయం ఉంది. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు చిన్న శకలాలను ఆపుతాయి. చేతికి, కాలికి తగిలిన నెత్తుటి గాయమైతే గాయానికి అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు పైన టోర్నికే (నెత్తురు ఆపే పట్టీ) బిగించి, నెత్తురు ఆగేదాకా తిప్పి, కట్టిన టైము నుదుటి మీద రాయాలి. రెండు గంటలు దాటితే కండరం చావడం మొదలవుతుంది. ఏ టైములో రాయాలన్న ప్రశ్న ఒమంతై దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా రాదేమో. వన్ని టైమా, కొలంబో టైమా.

కొల్విన్‌ను కొలంబోకు, అక్కణ్నుంచి న్యూయార్క్‌కు తరలించారు. కంటి చూపు తిరిగి రాలేదు. అంత దెబ్బలోనూ ఆ వారం పత్రికకు 3,000 మాటల కథనం టైముకు ఇచ్చింది. తర్వాత జీవితాంతం నల్లటి కంటిపట్టీతోనే తిరిగింది. ఆ ఫొటో చూసినవాళ్లకు ఆ పట్టీ గుర్తుంటుంది, దాని వెనుక ఉన్న వన్ని చాలామందికి గుర్తుండదు. ఆ కథనంలో ఆమె రాసింది తన కన్ను గురించి ఎంతో, మందులు అందని జనం గురించీ అంత. డెస్కుల్లో దాన్ని కోసి వాడుకున్నప్పుడు ముందు పోయింది ఆ రెండో భాగమే, అది డెస్కులు చేసిన తప్పు.

ఇంకో తప్పు దీనికన్నా పెద్దది, స్థానిక విలేకరులను మరిచిపోవడం. ఆమెకు ఆరు నెలల ముందు, 2000 అక్టోబర్ 19న, జాఫ్నాలో మయిల్వాగనం నిమలరాజన్‌ను ఇంట్లోనే చంపారు. బీబీసీకి, తమిళ, సింహళ సంస్థలకు వార్తలిచ్చే విలేకరి. కర్ఫ్యూ ఉన్న రాత్రి, సైన్యం కాపలా దండిగా ఉన్న ఊళ్లో వచ్చినవాళ్లు వచ్చి వెళ్లిపోయారు. ఇంట్లో కూర్చుని రాసుకునేవాణ్ని వెతుక్కుంటూ వచ్చారు. స్థానిక విలేకరికి విమానం లేదు, రాయబార కార్యాలయం లేదు, వెనక్కి వెళ్లిపోవడానికి ఇంకో దేశం లేదు. దాడి నుంచి బతికి బయటపడిన కథలు ఎక్కువగా విదేశీ విలేకరులవే కావడానికి కారణం ఇదే. ఈ కథలు చదివేటప్పుడు ఆ పేరు కూడా పక్కన పెట్టుకోవాలి.

2001 జులై 24న పులులు కొలంబో దగ్గరి కటునాయకే విమానాశ్రయం మీద విరుచుకుపడ్డారు. ప్రయాణికుల విమానాలు, యుద్ధ విమానాలు తగలబడ్డాయి. పర్యాటకం పడిపోయింది, ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. డిసెంబర్ ఎన్నికల్లో రణిల్ విక్రమసింఘే గెలిచి ప్రధాని అయ్యాడు, పులులు మళ్లీ విరమణ ప్రకటించారు. ఈసారి ప్రభుత్వం బదులిచ్చింది. 2002 జనవరిలో ఆంక్షలు తీసేశారు. ఫిబ్రవరి 22న ఒప్పందం బయటికి వచ్చింది, మర్నాడు 23 నుంచి అమలు.

ఆ ఒప్పందం ఈనాటికీ చదవదగ్గ కాగితం. అందులో ఆదర్శాలు తక్కువ, కొలతలు ఎక్కువ. ఇద్దరి ముందు వరుసలకు మధ్య కనీసం 600 మీటర్ల ఖాళీ. గుళ్లు, చర్చీల నుంచి 30 రోజుల్లో, బళ్ల నుంచి 160 రోజుల్లో బలగాలు ఖాళీ చేయాలి. ఆయుధం లేని పులుల కార్యకర్తలు 30 రోజులకు 50 మంది, 60 రోజులకు ఇంకో 100 మంది, 90 రోజులకు అందరూ ప్రభుత్వ ప్రాంతంలో రాజకీయం చేసుకోవచ్చు. వైదొలగాలంటే నార్వేకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. ఏ-9 రోడ్డు సరుకులకు, ప్రయాణికులకు తెరవాలి. తుపాకులు ఆగాయని మాటల్లో చెప్పడం వేరు, ఎన్ని మీటర్ల దూరంలో ఆగాయో రాయడం వేరు. ఆ 600 మీటర్లే మూడు నాలుగేళ్లపాటు వేల ప్రాణాలు నిలిపాయి.

రోడ్డు తెరిచాక ప్రయాణం ఇలా ఉండేది. ఒమంతై దగ్గర సైన్యం కౌంటర్లో పాస్‌పోర్టు, వాహనం కాగితాలు, సామాను తనిఖీ. ఆ తర్వాత ఎవరిదీ కాని నేల. అక్కడ రెడ్‌క్రాస్ జెండా, వాళ్ల మనుషులు. అవతల పులుల గేటు, పులియంకుళంలో వాళ్ల కస్టమ్స్. దేశంలోనే ఇంకో దేశం సరిహద్దులా ఫారాలు, రశీదులు, సుంకం. టీవీ కెమెరా ఉంటే సీరియల్ నంబరు ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు రెండు గేట్ల దగ్గరా తగువే. రోడ్డు పక్క అడుగు పెట్టకూడదు. ఎర్ర రంగు పూసిన కర్రలు, పుర్రె బొమ్మ పలకలు ఉన్నచోట మందుపాతరలు ఉన్నట్టు. పలక లేనిచోట లేనట్టు కాదు. ఎదురుగా లారీ వస్తే తప్పుకోవడానికి చక్రం తారు దిగకూడదు, ఆగి వెనక్కి రావాలి. మూత్రానికైనా రోడ్డు మీదే నిలబడాలి. ఎండిన తాటిచెట్లు తలలు తెగి మొండాలుగా నిలబడి ఉండేవి, షెల్లింగు ఎక్కడ ఎక్కువ జరిగిందో వాటిని చూస్తే తెలిసిపోయేది.

వార్త పంపడానికి శాటిలైట్ ఫోనే దిక్కు. ల్యాప్‌టాపంత పెట్టె, దాని మూతే యాంటెన్నా. హిందూ మహాసముద్రం మీది ఉపగ్రహం శ్రీలంక నుంచి చూస్తే దాదాపు నెత్తి మీద, కాస్త పడమరగా ఉంటుంది. చెట్ల కింద సిగ్నల్ రాదు, మైదానం వెతుక్కోవాలి, మైదానంలోనేమో మందుపాతరల భయం. సెకనుకు 2.4 కిలోబిట్ల వేగం. వెయ్యి మాటల కాపీ నిమిషం లోపు పోయేది, చిన్న ఫొటోకు ఏడెనిమిది నిమిషాలు పట్టేది, మధ్యలో తెగితే మొదటి నుంచి. అందుకే ముందు కాపీ, తర్వాత క్యాప్షన్, చివర్న ఫొటో. ఇటు డెస్కులో ఫొటో పైనుంచి కిందికి ఒక్కో గీతగా తెరుచుకుంటుంటే అందరూ వెనక నిలబడి చూసేవాళ్లు.

2002 ఏప్రిల్ 10న పులుల రాజధాని లాంటి కిలినొచ్చిలో ప్రభాకరన్ విలేకరుల సమావేశం. ఏ-9 తెరిచి రెండు రోజులే అయింది. దేశదేశాల విలేకరులు వందల్లో వచ్చారు. గంటలకొద్దీ తనిఖీ, కెమెరాలు, పెన్నులు, చెప్పులు అన్నీ విప్పి చూశారు. పక్కన పులుల సలహాదారు ఆంటన్ బాలసింగం కూర్చుని అనువాదం చేశాడు. రాజీవ్ గాంధీ హత్య గురించి మనవాళ్లు పదేపదే అడిగారు. అది ఒక విషాద ఘటన అన్న మాటకు మించి ఏమీ రాలేదు. ఆ జవాబు నచ్చినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఏడాది క్రితం చీకట్లో పాకి వెళ్లిన చోటికి ఇంతమంది పగటిపూట వ్యాన్లలో వెళ్లి, నచ్చని జవాబు విని, రాసుకుని, బతికి తిరిగి వచ్చారు. విలేకరి కళ్లతో చూస్తే శాంతి అంటే ఇదే, నచ్చని జవాబును కూడా వెళ్లి వినగలగడం.

చర్చలు సెప్టెంబర్‌లో థాయిలాండ్‌లోని సత్తాహిప్‌లో మొదలయ్యాయి. డిసెంబర్‌లో ఓస్లోలో ఫెడరల్ పరిష్కారాన్ని పరిశీలిస్తామని ఇద్దరూ అన్నారు. ఆ రాత్రి డెస్కుల్లో ఆనందం నిజమైనది. మార్చిలో జపాన్‌లోని హకోనే ఆరో విడత, ఆ వరుసలో అదే చివరిది. 2003 ఏప్రిల్ 21న పులులు చర్చలు ఆపేశారు.

ఎక్కడ తప్పింది? కొలతలున్న ఒప్పందానికి శిక్ష లేదు. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్లాండ్ పర్యవేక్షకులు ఆయుధం లేకుండా తిరిగి, ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చి రాసేవాళ్లు. అంతవరకే వాళ్ల పని. అయిదేళ్లలో పులుల మీద 3,800కు పైగా, ప్రభుత్వం మీద 350 పైచిలుకు తేల్చారు. పులుల లెక్కలో పెద్ద వాటా పిల్లలను దళంలో చేర్చుకోవడం. బడులు ఖాళీ చేయమని రాసిన కాగితం కింద, బడికి వెళ్లాల్సిన పిల్లలను పట్టుకుపోయారు. వేరే తమిళ సంఘాల మనుషులను చంపారు. ఇటు పులులు మధ్యంతర పాలన ప్రతిపాదన ఇచ్చిన నాలుగు రోజులకు, 2003 నవంబర్ 4న, అధ్యక్షురాలు చంద్రిక మూడు శాఖలు తన చేతుల్లోకి తీసుకుంది. ప్రభుత్వంలోనే రెండు ప్రభుత్వాలు. 2004 మార్చిలో తూర్పున పులుల కమాండర్ కరుణ వాళ్ల నుంచి చీలిపోయాడు. సునామీ సాయం కలిసి పంచుకుందామన్న ఒప్పందంలో ముఖ్యమైన భాగాలను 2005 జులైలో సుప్రీంకోర్టు నిలిపేసింది. ఆగస్టులో విదేశాంగ మంత్రి కదిర్‌గామర్ హత్య. నవంబర్ ఎన్నికను పులులు బహిష్కరించారు, రణిల్ రెండు లక్షల లోపు ఓట్ల తేడాతో ఓడాడు. రోజువారీ సడలింపులతో మొదలుపెట్టి అసలు ప్రశ్నకు తర్వాత వద్దామనుకున్నారు. ఆ తర్వాత అన్నది రాలేదు. ఓస్లో మాట వేడిగా ఉన్నప్పుడే ఫెడరల్ ముసాయిదా మీద కూర్చోవాల్సింది. ఈ అభిప్రాయం ఆ పేజీలు చూసినవాళ్లలో చాలామందిది.

2006 ఆగస్టు 11న ముహమాలైలో పోరు మళ్లీ మొదలైంది, ఏ-9 మూసేశారు. జాఫ్నాకు బియ్యం ఓడలో పోయింది. ఐరోపా యూనియన్ పులులను ఉగ్రవాద జాబితాలో పెట్టడంతో, ఆ దేశాల పర్యవేక్షకులు వెళ్లిపోవాలని పులులు పట్టుబట్టారు. నార్వే, ఐస్లాండ్ మాత్రం మిగిలాయి. 2008 జనవరిలో ప్రభుత్వం 14 రోజుల నోటీసిచ్చింది, ఒప్పందంలో ఆ ఒక్క షరతును తు.చ. తప్పకుండా పాటించింది. సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సిబ్బందిని కిలినొచ్చి వదిలి రమ్మంది. 2009 జనవరి 2న ఆ ఊరు సైన్యం వశమైంది. ఆరు రోజుల తర్వాత కొలంబోలో పట్టపగలు సండే లీడర్ సంపాదకుడు లసంత విక్రమతుంగను చంపారు.

చివరికి ఒక్క శాటిలైట్ ఫోను మిగిలింది. 2009 మే నెలలో పులుల రాజకీయ నాయకులు నడేశన్, పులిదేవన్ లొంగిపోతామని మేరీ కొల్విన్‌కే ఫోను చేశారు. ఐక్యరాజ్యసమితి అధికారి ఎవరైనా సాక్షిగా ఉండాలన్నది వాళ్ల కోరిక. సమితి ప్రతినిధి విజయ్ నంబియార్‌కు ఆమె ఆ మాట చేరవేసింది. తెల్లజెండా ఎత్తుగా పట్టుకుంటే చాలన్న జవాబు వచ్చిందని తర్వాత రాసింది. మే 18న వాళ్లిద్దరూ చనిపోయారు. లొంగిపోయినవాళ్లను చంపారన్న ఆరోపణను ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని 2011లో సమితి నిపుణుల బృందం చెప్పింది. అక్కడ లెక్క రాయడానికి బయటి విలేకరి ఒక్కడూ లేడు, గీత దాటే శవపేటికలూ లేవు.

కొల్విన్ 2012 ఫిబ్రవరి 22న సిరియాలోని హోమ్స్‌లో చనిపోయింది. కాల్పుల విరమణ ఒప్పందం బయటికి వచ్చిన రోజుకు సరిగ్గా పదేళ్లు. ఆమెతోపాటు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ రెమి ఓష్లిక్ కూడా. సిరియా ప్రభుత్వమే గురిచూసి కొట్టిందని 2019లో అమెరికా కోర్టు తేల్చింది.

2014 అక్టోబర్‌లో యాళ్ దేవి రైలు మళ్లీ జాఫ్నా చేరింది. 2015 ఆగస్టు చివర్లో ఒమంతై తనిఖీ కేంద్రం ఎత్తేశారు. 2017 చివర్లో శ్రీలంక మందుపాతరల నిషేధ ఒప్పందంలో చేరింది. 2024 నవంబర్ పార్లమెంటు ఎన్నికల్లో దక్షిణాది పార్టీ అయిన ఎన్‌పీపీ జాఫ్నా జిల్లాలో ముందు నిలిచింది, అది ఎవరూ ఊహించనిది. ఆశకు ఇవన్నీ కారణాలే. 1987 భారత్-శ్రీలంక ఒప్పందంతో వచ్చిన పదమూడో సవరణ కింద రాష్ట్ర మండళ్లకు రావాల్సిన భూమి, పోలీసు అధికారాలు మాత్రం ఇంకా రాలేదు, ఆ మండళ్లకు ఎన్నికలే ఏళ్లుగా లేవు. 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం పోలేదు.

వవునియాలో ఏ-9 పక్కన 2017 ఫిబ్రవరిలో తల్లులు ఒక టెంటు వేసుకుని కూర్చున్నారు. యుద్ధం చివర్లో సైన్యానికి అప్పగించిన కొడుకులు, కూతుళ్ల ఫొటోలు వరసగా కట్టి ఉంటాయి. అడిగేది ఒక్కటే, ఉన్నారా లేరా చెప్పండని. ఇప్పుడు అక్కడికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, గడియారం తిప్పుకోనక్కర్లేదు. కొలంబోలో బస్సెక్కితే ఆ టెంటు దగ్గరే దిగవచ్చు.